టైరు సైజు మీ ఇష్టమేనా?

మన సాఫ్ట్‌వేర్ జనంలో ఒక వింత ఉంది. ప్రొడక్షన్‌లో ఒక్క నంబరు మార్చాలంటే రివ్యూ కావాలి, టెస్టింగ్ కావాలి, పైవాడి అప్రూవల్ కావాలి. అదే మనిషి శనివారం పొద్దున్నే టైర్ల షాపుకెళ్ళి, పెళ్ళాం పిల్లలు ఎక్కే కారుకి 165 తీయించేసి 205 వేయించుకుని వస్తాడు. ఎవరు చెప్పారయ్యా అంటే "షాపువాడు ఏం కాదన్నాడు" అంటాడు. షాపువాడు ఇంకేమంటాడు? ఏం కాదనే అంటాడు. కారుకి ఏమైనా అయితే ఆ కార్లో ఉండేది వాడు కాదు కదా!

మాది రామన్నపేట. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మావాళ్ళు చాలామంది పండక్కి పంతంగి టోల్ దాటి, చిట్యాలలో హైవే దిగి ఎడమకి తిరిగి ఊరికొస్తారు. ఈ మధ్య ఆ కార్ల టైర్లు చూస్తే నాకు కడుపు మండుతోంది. మేకకి ఏనుగు కాళ్ళు తగిలించినట్టు ఉంటున్నాయి. మా బామ్మర్ది స్విఫ్టూ అదే బాపతు. ఎందుకురా ఇది అంటే "ఏం గాదు బావా, రోడ్డు మీద గట్టిగ గూసుంటది, అందరు ఏపిస్తున్రు" అన్నాడు. గట్టిగా కూర్చునే సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం, లెక్కకి బంధుత్వాలు ఉండవు.

2018లో వచ్చిన స్విఫ్ట్ కింది వేరియంట్లకి కంపెనీ ఇచ్చిన టైరు 165/80 ఆర్ 14. అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. కూడితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మి.మీ. అదే కారు పై వేరియంట్‌కి ఇచ్చింది 185/65 ఆర్ 15. ఇది సుమారు 621.5. చూశారా? రిమ్ము ఒక అంగుళం పెరిగింది, వెడల్పు 20 మి.మీ. పెరిగింది, అయినా చక్రం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే. ఇది కాకతాళీయం కాదు, అలా ఉండాలనే సైడ్‌వాల్ శాతం తగ్గించారు. మావాడు వేయించిన 205/65 ఆర్ 15 ఎత్తు 647.5. అంటే 28 మి.మీ. ఎక్కువ, నాలుగున్నర శాతం.

ఈ సంగతి కారుకి తెలీదు. అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఫ్యాక్టరీలో రాసిపెట్టిన చుట్టుకొలతతో గుణిస్తుంది, అంతే. ముల్లు 100 దగ్గర ఉంటే పాత టైరుతో పోల్చితే మీరు 104.5లో పోతున్నట్టు. దీనికో తెలివైన వాదన ఉంది: "మీటరు ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది కదా, ఇప్పుడు కరెక్టయింది" అని. నిజమే, ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు, ఎక్కువ మాత్రం కొంత చూపొచ్చు. కంపెనీలు అందుకే కాస్త మార్జిన్ ఉంచుతాయి. ఆ మార్జిన్ మీ కార్లో ఎంతుందో కొలిచారా? కొలవకుండానే తినేశారు. (అన్నట్టు, "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అని ఏడ్చేవాళ్ళకి ఒక చిన్న ఓదార్పు: ఓడోమీటరూ తక్కువే చూపిస్తోంది, మీ లెక్కని 1.045తో గుణించుకోండి. మిగతా ఏడుపు నిజమైనదే :) )

మీటరు సంగతి వదిలేయండి, బ్రేకు సంగతి చూడండి. బ్రేకు పట్టేది డిస్కుని. ఆ పట్టు రోడ్డు దాకా చేరాల్సింది చక్రం వ్యాసార్ధం మీదుగా. వ్యాసార్ధం పెరిగితే, పెడల్ అదే బలంతో నొక్కినా రోడ్డు మీద ఆపే బలం నాలుగు శాతం పైన తగ్గుతుంది. ఇంజన్ లాగుడూ అంతే, ప్రతి గేరులోనూ. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ నాలుగు శాతం విలువ తెలుస్తుంది.

ఇక గట్టిగా కూర్చోవడం. వెడల్పు టైరు రోడ్డుని ఎక్కువ ముట్టుకుంటుందని అందరి నమ్మకం. కారు బరువు అదే, గాలి అదే అయితే ముట్టుకునే వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది, పొడుగు తగ్గి వెడల్పు పెరుగుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో దానివల్ల లాభం ఉంది, కాదనను. కానీ వర్షాకాలం హైవే మీద నీళ్ళు నిలిచినచోట వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకి నెట్టాలి. నెట్టలేకపోతే నీటి మీద తేలుతుంది. అప్పుడు మీ స్టీరింగు వీడియో గేమ్ స్టీరింగే.

దీనికి ఉల్టా తెలివి ఇంకొకటి. రిమ్ము మార్చకుండా 185 అన్న అంకె ఒక్కటే చూసి 185/65 ఆర్ 14 వేయించుకోవడం. చక్రం 596కి దిగుతుంది, కారు కింద ఖాళీ 12 మి.మీ. పోతుంది. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

స్టెప్నీ గురించి ఎవరూ మాట్లాడరు. మా బామ్మర్ది డిక్కీలో ఇంకా పాత 165 ఉంది. రాత్రిపూట ముందు టైరు పంక్చరయి దాన్ని వేస్తే, ఒకవైపు 620, ఇంకోవైపు 647. తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ తిరుగుతూనే ఉండాలి, బండి ఒకవైపుకి లాగుతుంది, నాలుగు చక్రాల వేగాలు పోల్చి చూసుకునే ఏబీఎస్‌కి ఎప్పుడూ ఒక చక్రం తప్పుగానే కనిపిస్తుంది.

చదువుకోనివాళ్ళే ఈ విషయంలో నయం. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకి ముందు టైర్ల సైజు ఒక్కటే మార్చమని ఏ మెకానిక్‌నైనా అడగండి, తిట్టి పంపిస్తాడు. ముందూ వెనకా లెక్క తప్పితే గేర్లు అరిగిపోతాయని వాడికి తెలుసు. పల్లెల్లో కట్టె చక్రాల బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు కూడా చక్రం ఒక్కటే మార్చలేదు, ఇరుసు, బేరింగులతో సహా మార్చారు. మనం మాత్రం అల్లాయ్ వీల్ అందం చూసి, ఆఫ్‌సెట్ ఎంత అని కూడా అడక్కుండా బిగించుకుంటాం. చక్రం బయటికి పొడుచుకొచ్చి బేరింగు మీద పడే భారం ఈఎంఐలో కనపడదు కదా.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీం కోర్టు ఆ సెక్షన్‌ని గట్టిగానే నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పుకి ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. ఆ తీర్పు ప్రత్యేకంగా టైర్ల మీద వచ్చింది కాదు, నిజమే. కానీ యాక్సిడెంటయ్యాక ఆ తేడాని ఇన్సూరెన్స్ సర్వేయరుకి వివరిస్తూ నిలబడాలని మీకు సరదాగా ఉందా?

టైర్లు అసలు మార్చొద్దని నేననడం లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే ఫ్రేము మీద ఒక స్టిక్కరు ఉంటుంది, సైజూ గాలీ రెండూ అందులోనే ఉంటాయి. పెద్దవి కావాలంటే అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు, అదే రిమ్ము, అదే ఆఫ్‌సెట్, ఐదు చక్రాలకీ వేయించండి. లోడ్ ఇండెక్స్ పాతదానికన్నా తగ్గకూడదు. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని. బడ్జెట్ ఐదింటికి చాలకపోతే పాత సైజులోనే మంచి టైర్లు కొనుక్కోండి.