వంట అమ్మది... ఖాతా ఎవరిది?

తెనాలి మండలంలో గుడివాడ అని ఒక ఊరుంది. కృష్ణా జిల్లా గుడివాడ కాదు, ఇది వేరే. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడుతుంటారు. ఆ ఊళ్ళో ఆరుబయట పొయ్యి పెట్టుకుని, కట్టెపుల్లలు ఎగదోస్తూ వంకాయ కూర వండిన ఒక ముసలావిడను 2016లో లోకమంతా చూసింది. ఆవిడే కర్రె మస్తానమ్మ. వయసు నూట అయిదు అన్నారు, నూట ఆరు అన్నారు. పుట్టినరోజు రాసిపెట్టుకునే ఇంట్లో పుట్టిందా ఏమన్నానా, లెక్క ఎవరికి తెలుసు!

హైదరాబాద్‌లో ఉండే మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి ఆవిడ వంటను వీడియో తీసి, 'కంట్రీ ఫుడ్స్' పేరుతో యూట్యూబ్‌లో పెట్టారు. పుచ్చకాయలో గుజ్జు తీసేసి ఆ డొల్లలో కోడికూర వండితే లక్షలమంది నోరు వెళ్ళబెట్టి చూశారు. ఈమూ పక్షి గుడ్డు వేపుడూ అంతే. కొలత గ్లాసుల్లేవు, చెంచాల్లేవు. అల్లం పొట్టు గోటితో గీకేయడం, కారం చేత్తోనే వేసేయడం. 2018 డిసెంబర్‌లో ఆవిడ పోయేనాటికి ఆ ఛానల్‌కి పన్నెండు లక్షలమందికి పైగా చందాదారులు. పదకొండేళ్ళకే పెళ్ళయి, ఇరవై రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని, కూలి చేసుకుని అయిదుగురు బిడ్డల్ని సాకిన మనిషి. కెమెరా వంక భయంగా చూసేది కాదు. ఎదురుగా మనవలు కూర్చుని ఉన్నట్టే మాట్లాడేది.

ఇదంతా మళ్ళీ ఎందుకు చెప్పుకోవడమంటే, మస్తానమ్మ తర్వాత మన ఇళ్ళల్లో చాలా మారింది. తెనాలిలో మగ్గం వర్కు చేసే అమ్మాయి జాకెట్టు మీద చివరి పూస కుట్టగానే ముందు ఫోన్ తీస్తుంది, తర్వాతే కస్టమర్‌కి కబురు. చీరల బేరం చేసే ఆవిడ మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళాక మంచం మీద పది చీరలు పరిచి లైవ్ పెడుతుంది. బాపట్లలో కాలేజీ పిల్లలు సూర్యలంక వెళితే సముద్రం ఎదురుగా ఉన్నా దాన్ని ఫోన్‌లోనే చూస్తున్నారని పెద్దవాళ్ళు విసుక్కుంటారు గానీ, ఆ పిల్లల్లో కొందరు ఎడిటింగ్ నేర్చుకుని పెళ్ళి రీళ్ళు చేసి ఫీజులు కట్టుకుంటున్నారు. రేపల్లె దగ్గర 'నగరం' అనే మండల కేంద్రం ఉంది కదా, పేరుకే నగరం, చుట్టూ పొలాలే. అలాంటి చోట కూడా శుభలేఖ డిజైన్ కోసం తెనాలి బండి ఎక్కాల్సిన పని ఇప్పుడు లేదు. వీధిలో ఎవరో ఒక అమ్మాయి ఫోన్‌లోనే చేసి వాట్సాప్‌లో పంపేస్తోంది.

ఫోటో స్టూడియోల సంగతి వేరే చెప్పాలి. బోర్డు మీద పేరు అన్నయ్యదో, మామయ్యదో ఉంటుంది. పెళ్ళిలో కెమెరా పట్టుకుని తిరిగేది వాళ్ళే. కానీ లోపల, షట్టర్ సగం దించిన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, నల్లబడిన మొహాలు తేటచేసి, తలంబ్రాలు ఎగిరే పేజీలు పేర్చే ఆల్బమ్ డిజైనర్ ఎవరని చూస్తే, చాలాచోట్ల ఒక అమ్మాయి. తొంభైల్లో డీటీపీ సెంటర్లు వెలిసినప్పుడూ ఇంతే. తెలుగు టైపు చకచకా కొట్టింది ఆడపిల్లలు. కరపత్రం చివర పడింది ప్రెస్సు పేరు. పనికి వంక లేదు, పేరు మాత్రం కనపడదు.

ఈ ప్రాంతానికి కళ కొత్తదేం కాదు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని ఊరికే అనలేదు. నాటకాలు, పత్రికలు, విగ్రహాలు, సినిమా వాళ్ళు... ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు ఈనాటికీ ఉన్నారు. అయితే ఆ కళల్లో ఆడవాళ్ళ చోటు ఎక్కడ అనేది ఎప్పుడూ ఒక పేచీయే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే జనం వెర్రెత్తిపోయేవారట. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. గొప్ప నటులే, సందేహం లేదు. కానీ ఆడవేషం మగవాళ్ళు వేయాల్సి రావడానికి అసలు కారణం, పరువుగల ఇంటి ఆడది రంగు పూసుకోకూడదని కట్టడి. ఆ కట్టడి దాటిన వాళ్ళకి ఏమైందో కూడా ఈ నేల చూసింది. తెనాలి ప్రాంతపు కాంచనమాల 1938లో 'మాలపిల్ల', 1942లో 'బాలనాగమ్మ'తో దేశం మెచ్చిన తార. తర్వాత కాంట్రాక్టు చిక్కుల్లో ఇరుక్కుని, ఆరోగ్యం చెడి, తెర మీద నుంచి తప్పుకుంది. 1981లో పోయింది. అప్పటి క్యాలెండర్లలో మొహం ఇంటింటికీ తెలుసు. ఆ మొహం మీద వచ్చిన డబ్బు మీద మాట చెల్లింది ఎవరిది? సంతకం పెట్టిన కాగితానిది.

మన గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల సావిత్రి ఇంకో అడుగు ముందుకేసింది. 1968లో 'చిన్నారి పాపలు' సినిమాకి తనే దర్శకత్వం వహించింది. కెమెరా వెనక కీలకమైన పనులు ఆడవాళ్ళకే అప్పగించింది. సంగీతం పి. లీల. డబ్బు రాలేదు, నష్టం వచ్చింది. సావిత్రి అనగానే 'మాయాబజార్' గురించి గంటలు మాట్లాడతాం గానీ, ఈ సినిమా పేరెత్తితే 'అదొక పొరపాటు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకైతే అలా అనిపించదు. నటించడం ఎంత బాగా వచ్చినా, ఏది తీయాలో ఎలా తీయాలో నిర్ణయించే కుర్చీలో కూర్చోవాలని ఒక ఆడమనిషి కోరుకుంది. అందులో పొరపాటేముంది? అయిదేళ్ళ తర్వాత దర్శకత్వం మొదలుపెట్టిన విజయనిర్మల 44 సినిమాలతో 2002లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఆవిడ మెట్టినిల్లు కూడా తెనాలి పక్కన బుర్రిపాలెమే.

ఇప్పుడు ఆ కుర్చీ ప్రతి ఇంట్లోనూ ఉంది, ఫోన్ రూపంలో. మరి అందులో కూర్చుంటున్నది మనమేనా?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక ఛానల్ ఉందనుకోండి. వండేది ఇల్లాలు. మాట్లాడేది ఇల్లాలు. తెల్లారుజామునే లేచి అంట్లు తోముకుని, వెలుతురు బాగుండే వేళకి స్టవ్ తుడిచి సిద్ధం చేసేదీ ఆవిడే. 'అమ్మకి ఇవన్నీ తెలీవులే' అని ఖాతా తెరిచేది కొడుకో, భర్తో. ఈమెయిల్ అతనిది. పాస్‌వర్డు అతనికి తెలుసు. డబ్బు వచ్చేది అతని బ్యాంకు ఖాతాలోకి. ఇందులో దురుద్దేశం ఉందని నేననడం లేదు. చాలా ఇళ్ళల్లో ప్రేమతోనే చేస్తారు. కానీ రేపు మాటామాటా వచ్చినా, కొడుకు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా, భార్యాభర్తలు విడిపోయినా, ఆ ఛానల్ ఎవరిది? మూడేళ్ళు వండి పెట్టిన ఇల్లాలికి తన వీడియో ఒక్కటి తీసేయించే అధికారం కూడా ఉండదు.

లెక్క తెలిస్తే భయం పోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం. ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానల్‌కి వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండడం కావాలని 2018లో నియమం పెట్టారు. పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో నూటికి 55 వంతు తీసినవాళ్ళకి, మిగతాది కంపెనీకి. చిన్న వీడియోలకైతే 45 వంతే. ఈ డబ్బు యాడ్‌సెన్స్ అనే ఖాతాలో జమ అవుతుంది. పది డాలర్లు చేరగానే ఇంటి చిరునామాకి పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది. పోస్టుమాన్ తెచ్చిన ఆ కాగితాన్ని కరపత్రమనుకుని పారేయకండి! వంద డాలర్లు దాటాకే బ్యాంకులో పడుతుంది. యాడ్‌సెన్స్‌లో రాసిన పేరూ బ్యాంకు ఖాతాలో పేరూ ఒకటే కావాలి. మొదట్లోనే ఎవరి పేరు రాశామన్నది అందుకే ముఖ్యం. ఖాతాదారుకి పద్దెనిమిదేళ్ళు నిండాలి, పన్ను వివరాల కోసం పాన్ కార్డు ఉండాలి. పొదుపు సంఘంలో ఉన్నవాళ్ళకి బ్యాంకు ఖాతా ఎలాగూ ఉంటుంది. పాన్ లేకపోతే తీసుకోవడం పెద్ద పనేం కాదు.

కొడుకు సాయం వద్దనుకోవాల్సిన పని కూడా లేదు. యూట్యూబ్‌లోనే ఒక సదుపాయం ఉంది. సొంతదారు ఒకరు, మేనేజర్ ఒకరు, ఎడిటర్ ఒకరు అని వేర్వేరు అధికారాలు ఇవ్వొచ్చు. పాస్‌వర్డు చెప్పక్కర్లేదు. సొంతదారు అమ్మ, మేనేజర్ కొడుకు. ఇంటి తాళాలగుత్తి అమ్మ కొంగున ఉండి, కొడుకు చేతిలో ఒక తాళంచెవి ఉన్నట్టు!

స్టూడియోల్లో పనిచేసే అమ్మాయిలకి మాత్రం చట్టం అంత అనుకూలంగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి చేసిన పని మీద మొదటి హక్కు యజమానిదే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. ఒప్పందం అంటే లాయరు దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. ఆల్బమ్ చివరి పేజీలో 'డిజైన్ ఫలానా' అని చిన్న అక్షరాల్లో పేరు, చేసిన పేజీల నమూనాలు తన దగ్గర ఉంచుకుని ఇంకోచోట పని అడిగేటప్పుడు చూపించుకునే వీలు. ఈ రెండూ పనిలో చేరేరోజే అడిగి, ఒక కాగితం మీద రాయించుకోవచ్చు. చేరాక అడగడం కష్టం. అడిగితే 'నిన్న కాక మొన్నొచ్చావ్' అంటారు.

ఇదంతా ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళ మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు దాదాపు 49 మంది. తను వాడుకునే సొంత ఫోన్ ఉందన్న ఆడవాళ్ళు కూడా సగానికి లోపే. తర్వాత ఆ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ 'ఇంట్లో ఒక ఫోన్ ఉందిలే' అన్న మాటకీ, 'నా ఫోన్' అన్న మాటకీ ఉన్న దూరం మనందరికీ తెలిసిందే. అది పిల్లాడు ఆటకి తీసుకోగా, ఆయన బయటికి పట్టుకెళ్ళగా మిగిలిన వేళ మనది.

ఇంక అసలు భయం ఒకటుంది. దాని గురించి రాయకపోతే ఇదంతా పైపై మాటే అవుతుంది. మొహం కనపడితే ఎవడేం చేస్తాడోనని. ఆ భయం ఉత్తిది కాదు. మొహం తీసి ఇంకో ఒంటికి అతికించే పని ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో చేస్తోంది. కింద రాసే రోత వ్యాఖ్యల సంగతి చెప్పనే అక్కర్లేదు. చీర చూడరు, ధర అడగరు, మెడ కింద ఏముందో రాస్తారు. దానికి మన ఇళ్ళల్లో దొరికే మందు ఒకటే. 'నువ్వు మానేయి.' తప్పు వాడు చేస్తే దుకాణం మనం మూసుకోవాలా?

మొహం చూపించకూడదనుకుంటే అదీ ఒక పద్ధతే. చేతులు మాత్రం చూపిస్తూ, గొంతు మాత్రం వినిపిస్తూ చక్కగా నడుపుకుంటున్నవాళ్ళు ఎంతమందో. అది ఆవిడ ఇష్టంతో చేస్తే తెలివి, ఇంకొకరు శాసిస్తే ముసుగు. ఎవరైనా మీ ఫోటోని వికృతం చేస్తే మాత్రం చెరిపేయకముందే స్క్రీన్‌షాట్ తీసి, ఆ పేజీ లింకు దాచుకోండి. ఆధారం అదే. కేంద్ర ప్రభుత్వపు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. స్టేషన్ మెట్లు ఎక్కడానికి జంకేవాళ్ళకి ఇది కొంత నయం. ఐటీ చట్టంలో 66-ఈ, 67 సెక్షన్లు ఉన్నాయి. ఇంట్లో చెబితే ఫోన్ లాగేసుకుంటారనే భయంతో నోరు మూసుకునే పిల్లలే బెదిరించేవాడికి సులువుగా చిక్కుతారు. కాబట్టి అమ్మలూ, పిల్ల వచ్చి చెప్పినప్పుడు ముందు తిట్టకండి. 'ఆ ఫోటో ఎందుకు పెట్టావ్' అనే ప్రశ్న నాలుగు రోజులాగినా కొంప మునగదు.

ఒకమాట ఒప్పుకోవాలి. ఈ వీడియోల్లో సగం చూడలేం. గొడవలు, ఏడుపులు, అత్తాకోడళ్ళ దెప్పిపొడుపులు... చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టి తీస్తున్నారంటారు. కావచ్చు. నవలలు వచ్చిన కొత్తలో ఆడవాళ్ళు చదివి పాడైపోతున్నారన్నారు, రాసి పాడుచేస్తున్నారనీ అన్నారు. చెత్త పోగా మిగిలింది ఏమిటో తర్వాత తేలింది. ఇక్కడా అంతే అనుకుంటాను. రేపల్లె వైపు ఆడవాళ్ళు రొయ్యల పచ్చడి పట్టే తీరు, నిజాంపట్నం రేవులో చేపలు ఎండబెట్టే తీరు, మన నాయనమ్మలు పాడే పెళ్ళిపాటలు వాళ్ళ గొంతులోనే రికార్డు చేసి పెట్టుకుంటే, ఎవరూ చూడకపోయినా ఉంటుంది. మస్తానమ్మ పోయింది, గోటితో అల్లం గీకడం మాత్రం ఇవాళ మీరు చూడాలంటే చూడొచ్చు.

సరే, ఇది చదవడం అయ్యాక ఒక చిన్న పని చేయండి. మీ వీడియోలు పెట్టే ఖాతా ఏదైనా ఉంటే, దాని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రికవరీ నంబరు ఎవరిదో చూడండి. పాస్‌వర్డు మర్చిపోతే తాళం తెరిచేది ఆ నంబరే. అది మీది కాకపోతే, సాయంత్రం పిల్లాడు కాలేజీ నుంచి రాగానే కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మార్పించుకోండి. అయిదు నిమిషాల పని.