మన లెక్క మనమే గీద్దాం

మన గురించి లెక్కలు ఎప్పుడూ ఎవరో రాస్తారు. అందులో మనం ఒక అంకె మాత్రమే.

అమెరికాలో బానిసత్వం రద్దయిన 35 ఏళ్లకు, 1900లో, పారిస్ ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికోసం డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్, అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులు కలిసి సుమారు 60 పటాలు చేత్తో గీశారు. నల్లజాతివారి చదువు, భూమి, వృత్తులు రంగుల గీతల్లో లోకానికి చూపించారు. అవి నేడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో అందరూ చూడవచ్చు.

మనకిప్పుడు స్కేలు, రంగులు కూడా అక్కర్లేదు. గూగుల్ షీట్స్‌లో అంకెలు వేస్తే గ్రాఫ్ వస్తుంది. లింకు పంపితే పూర్వ విద్యార్థులంతా చూస్తారు. కానీ కంప్యూటర్ ప్రశ్న వేయదు. మన హాస్టల్లో టెన్త్ పాసైన తమ్ముళ్లలో ఇంటర్‌లో ఎందరు చేరారు? ఎందరు చదువు మానేసి పనికి పోయారు? ఇది మనమే అడగాలి.

రెండు జాగ్రత్తలు. పేర్లు, కులం, ఫోన్ నెంబర్లు పెట్టకూడదు. ఒక కాపీ మన దగ్గర ఉంచుకోవాలి. ఎందరో వాడిన గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో మూతపడింది.

వచ్చే వార్షికోత్సవానికి మన నోటీసు బోర్డు మీద మనం గీసిన గ్రాఫ్ ఉండాలి. అది చూసి ఒక్క తమ్ముడైనా తిరిగి కాలేజీకి వెళితే చాలు.