అక్టోబరులో కొరికి తీర్పు చెప్పకండి

మన సంఘపు బిడ్డ ఒకరు ఇంగ్లాండులో గ్లోస్టర్ దగ్గర ఇల్లు కొనుక్కున్న సంగతి మీకు తెలుసు. పెరట్లో ముసలి ఆపిల్ చెట్టు ఉందట. ఆకుపచ్చ మీద మట్టిరంగు గరుకుతో కాయలు బంగాళాదుంపల్లా ఉన్నాయని ఫోనులో నవ్వింది. అక్టోబరులో కోసి కొరికితే పళ్లు పులిశాయి. చెట్టు కొట్టేసి కారు పెట్టుకుందామని అల్లుడుగారు అన్నారు. ఏం చేయమంటారని అమ్మాయి మమ్మల్ని అడిగింది.

మాకు ఆపిల్ సాగు తెలియదు. చలికాలమంతా నిద్రపోతేగాని సరిగా కాయని చెట్టు మన ఎండల్లో ఎలా బతుకుతుంది? పక్కింటి పెద్దాయన్ని అడగమన్నాం. ఆయన చూడగానే పేరు చెప్పారట: ఆష్‌మీడ్స్ కెర్నల్.

1700 ప్రాంతంలో ఆ గ్లోస్టర్‌లోనే, ఆష్‌మీడ్ అనే ఆయన తోటలో గింజ నుంచి మొలిచిన రకమంటారు. తొలి చెట్టు ఏనాడో పోయింది. ఆపిల్ గింజ నాటితే తల్లి రుచి రాదు. అంటే ఈనాడున్న ప్రతి ఆష్‌మీడ్ చెట్టూ ఆ మొదటి చెట్టు కొమ్మకు కొమ్మగా అంటు కట్టుకుంటూ వచ్చిందే. అంటు మనకు కొత్తా? రోమా పత్రికలో అడవి ఒలీవను చదివాం, నూజివీడు తోటల్లో మామిడిని చూశాం. మూడు వందల ఏళ్లలో ఎవరో ఒకరు ప్రతి తరంలోనూ కత్తి పట్టబట్టే ఆ పండు మిగిలింది. అలాంటిదాన్ని కారు కోసం కొడతామా?

దీనికి లోపాలు లేకపోలేదు. కాపు తక్కువ. పుప్పొడి పనికిరాదు, దగ్గర్లో వేరే రకం చెట్లు పూయాలి. తొక్క చూస్తే బజారులో ఎవరూ ముట్టుకోరు. అయినా 1981లో అక్కడి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దానికి ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఇచ్చింది. ఎందుకంటే వాళ్లు సరైన నెలలో తిన్నారు. కోసిన కాయలు ఒకదానికొకటి తగలకుండా చల్లని చోట పరిస్తే, లోపలి పిండి చక్కెరవుతుంది, పులుపు దిగుతుంది. క్రిస్మస్ నుంచి ఫిబ్రవరి దాకా దాని కాలం.

మన బజారులో స్టిక్కరు అంటించిన ఎర్రని ఆపిల్ ఏడాదంతా దొరుకుతుంది. ఆ మెరుపు చూసి మేమూ కొంటాం, సగం పండ్లు నోట్లో పిండిలా ఉంటాయి. రసం మామిడి దగ్గర మాత్రం మనకు తెలివి ఉంది, తొక్క ముడత పడేదాకా ఆగుతాం. మనుషుల దగ్గర ఆ తెలివి ఏమవుతుందో! మాట మోటుగా ఉందని ఒక తమ్ముణ్ణి సండే స్కూలుకు వద్దన్నది మేమే. ఇప్పుడు పక్క ఊరి పిల్లలు ఆయన్ని వదలడం లేదు.

అల్లుడుగారికి మేమే ఫోను చేసి క్రిస్మస్ దాకా గడువు అడిగాం. పండుగ మరునాడు ఒక కాయను నాలుగు ముక్కలు చేసి తిన్నారట. మొదట నిమ్మబిళ్ల చప్పరించినట్టు, తరువాత తేనెలా ఉందని అమ్మాయి చెప్పింది. కారు ఇంకా రోడ్డు మీదే పెడుతున్నారు.