చెయ్యి పడని వైద్యం

కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేవారు. మోత సరిగా లేకపోతే బీటలు ఉన్నాయని పక్కన పెట్టేసేవారు. వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు 1761లో ఇదే పనిని రోగుల ఛాతీ మీద చేసి, లోపల నీరు చేరిందో లేదో మోతను బట్టి చెప్పవచ్చునని చిన్న పుస్తకం రాశాడు. ఆయన పూటకూళ్ళ ఇంటివాడి కొడుకు. పీపాల్లో సారా ఎంత మిగిలిందో తట్టి చూడటం తండ్రి దగ్గరే నేర్చాడంటారు.

ఆమధ్య మా నాన్నగారికి ఆయాసం వస్తే బెజవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. మొదటి రోజంతా రక్తపరీక్షలు, ఈసీజీ, గుండె స్కానింగు. ఆయన ఛాతీ మీద మాత్రం ఎవరి చెయ్యీ పడలేదు. మర్నాడు ఊపిరి వ్యాయామాలు నేర్పడానికి ఒక ఫిజియోథెరపీ విద్యార్థిని వచ్చింది. “తాతగారూ, కాస్త ముందుకు వంగుతారా?” అని వీపు మీద ఒక వేలు ఆన్చి, రెండో చేతి వేలితో దానిమీద తట్టుకుంటూ కిందికి వచ్చింది. కుడివైపు అడుగున రాతి మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. స్టెతస్కోపు పెడితే అక్కడ ఊపిరి వినబడలేదు. “సార్‌తో ఈ మాట నేను చెప్పవచ్చా అండీ?” అని భయపడుతూ నన్ను అడిగింది! ఎక్స్‌రే తీశారు. నీరే. సూదితో లీటరుకు పైగా లాగారు.

హౌస్ సర్జన్‌ను నేను తిట్టను. అతనికి నేర్పిన తీరును తిడతాను. ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో విద్యార్థిని రోగి దగ్గర వదిలి వెళ్ళిపోయి, తరువాత వచ్చి “ఏం కనిపెట్టావు?” అని అడగటం తరతరాల ఆచారం. ఎలా కనిపెట్టాడో చూసేవారుండరు. ఏ మంచం మీద ఏ జబ్బో ముందే విచారించుకున్నవాడికీ, ప్లీహాన్ని తన వేళ్ళతో తడిమి తెలుసుకున్నవాడికీ ఒకే మార్కులు. విద్యార్థి చేస్తుండగా పక్కన నిలబడి చూసి మార్కులు వేసే పద్ధతిని డండీలో హార్డెన్ 1975లోనే ప్రకటించాడు. మన దేశంలో 2019 నాటి కొత్త పాఠ్యప్రణాళిక నైపుణ్యాల పట్టికనూ లాగ్‌బుక్కునూ తెచ్చింది. మంచిదే. కానీ లాగ్‌బుక్కులో ఉండేది సంతకం.

విజయవాడలో 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద వైద్యం, దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియో, నర్సింగు, ఫిజియోథెరపీ అన్నీ ఉన్నాయి. దాని పేరును 2022లో ఒకసారి, 2024లో మరోసారి మార్చడానికి శాసనసభకు తీరిక దొరికింది. ఆ గొడుగు కింది పిల్లలందరినీ ఒక రోగి మంచం చుట్టూ నిలబెట్టి నేర్పడానికి ఎవరికి తీరిక దొరకాలి? సిద్ధార్థ వైద్య కళాశాల, నోరి రామశాస్త్రి ఆయుర్వేద కళాశాల ఒకే ఊళ్ళో ఉన్నాయి, గుడివాడ హోమియో కళాశాల ఎంతో దూరం కాదు. ఆయుర్వేదం చెప్పే ఎనిమిది పరీక్షల్లో నాడి ఉంది, స్పర్శ ఉంది. నాడిలో వాతపిత్తకఫాలను చదవటాన్ని నేను నమ్మను, అది వేరే తగాదా. కానీ మణికట్టు పట్టుకుని నిమిషంపాటు నోరు మూసుకుని కూర్చోవటం ఏ శాస్త్రానికి చేటు? మొదట తోటి విద్యార్థుల మీద, తరువాత అనుమతి ఇచ్చిన రోగి మీద, అందరికీ ఒకే గురువు నేర్పితే, ఒక నర్సు గానీ ఫిజియో విద్యార్థిని గానీ తను విన్నది చెప్పడానికి రోగి కొడుకు అనుమతి అడగనక్కరలేదు.

స్కానింగులుండగా ఇదంతా దేనికనే పెద్దలున్నారు. అర్ధరాత్రి నాగాయలంకలో ఆయాసపడే మనిషికి ఏ స్కానింగు అందుతుంది? అందినా, అది అడిగినదానికే జవాబు చెబుతుంది. మా నాన్నగారి గుండె బాగుందని చెప్పింది. అడిగింది అదే మరి.

డిశ్చార్జి రోజున కేస్‌షీటు తిరగవేశాను. చేర్చిన నాటి తేదీ కింద, చక్కని దస్తూరీతో, రెండు ఊపిరితిత్తుల్లోకీ గాలి సమానంగా వెళుతోందని రాసి ఉంది.