డాక్టరేట్ పట్టా వాళ్లకు, మనకేది?

పీహెచ్‌డీ చేసే పరిశోధకులు మన గూడేలకు వస్తారు. మంచం వాల్చి కూర్చోబెడతాం. మామిడి టెంకల వగరును వాగునీళ్లలో ఎలా పోగొట్టి జావ కాస్తామో అవ్వ చెబుతుంది. జీలుగు చెట్టు ఎప్పుడు గీయాలో, ఏ వేరు ఎప్పుడు తవ్వకూడదో తాత చెబుతాడు. అంతా రాసుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత వాళ్లకు డాక్టరేట్ పట్టా వస్తుంది. అవ్వ 'సమాచారదాత' అవుతుంది. తాత పోడు పట్టా కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

ఇది కొత్త కథ కాదు. పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ 1945లో వారిపై ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశాడు. 80 ఏళ్లు దాటాయి. మన బడుల్లో ఎన్నిచోట్ల ఆ పుస్తకం ఉంది? 2008లో ఆ కొండలే పాపికొండ జాతీయ పార్కు అయ్యాయి. అందులో పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. మరి అవ్వ దగ్గరున్న జ్ఞానానికి ఎవరి అనుమతి కావాలి?

జవాబు చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)లోని 'కె' క్లాజు జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై హక్కు సమాజానిదేనని చెబుతోంది. ఒక్క మనిషిది కాదు, ఊరందరిది. కాబట్టి అడగాల్సింది గ్రామసభను.

"జ్ఞానం అందరిదీ కదా, దాచుకుంటారా?" అంటారు. పంచుకోవడం మనకు ఒకరు నేర్పాలా? భూమి పండుగ వేటలో దొరికిన మాంసాన్ని ఇంటింటికీ పోగులు వేసిన జాతి మనది. పోగు ఒకవైపే వెళితే అది పంపకం కాదు, దోపిడీ.

కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో శాస్త్రవేత్తలు 'జీవని' మందు చేశారు. మందు హక్కు కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణీలకు చెందాలని ఒప్పుకున్నారు. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో పరిశోధకులకు తామే నియమావళి రాసి ఇచ్చారు. వాళ్లు చేయగలిగింది చింతూరులో మనం చేయలేమా?

పరిశోధన వద్దనడం లేదు. ప్రశ్నల కాగితం తయారయ్యే తొలి ఏడాదే గ్రామసభ ముందుకు రమ్మంటున్నాం. ఏం అడుగుతారో, ఏం రాయకూడదో అక్కడే తేలాలి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు ఉండాలి. పూర్తయ్యాక తెలుగులోనో, కోయలోనో ఊరికి చదివి వినిపించాలి. ఒక ప్రతి బడిలో ఉంచాలి.

టీచర్లారా, ఈ షరతులు రాయడంలో గ్రామసభకు చేయూతనివ్వండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అవ్వ బతికుండగానే ఆమె పక్కన కూర్చోండి. రేపు పీహెచ్‌డీ మీరే చేయండి. అయితే ఒక్క మాట: మన పిల్లలైనా సరే, రాసుకుని వెళ్లి తిరిగి రాకపోతే వాళ్లనూ ఇదే ప్రశ్న అడుగుతాం.