తెర మీద నాలుగు మాటలు

ఈ శీర్షికలో నేను ఊరగాయల గురించి వ్రాశాను, అద్దె ఇళ్ల గురించి వ్రాశాను, బందరు లడ్డుకి పిండి ఎంతసేపు దంచాలో వ్రాసి మీచేత చీవాట్లూ తిన్నాను. ఈ వారం విషయం వింటే మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. కంప్యూటరులో స్లైడులు తయారు చేయడం ఎలాగో నేర్చుకుంటున్నాను. వయసు సంగతంటారా, మనవలున్నారు.

ఎందుకొచ్చిన తంటా అంటే, మా పుట్టిల్లు దివిసీమ. నాగాయలంక వైపు ఒక పల్లె. 1977 నవంబరు 19, శనివారంనాడు ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ రాత్రి మిద్దె మీద గడిపిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లకు ఆ ప్రాంతంలోని ఒక హైస్కూలు హెడ్మాస్టరు గారు ఫోను చేసి, “పిల్లలకు ఆ రోజు సంగతి ఓ అరగంట చెప్పాలమ్మా, బడిలో పెద్ద తెర ఉంది, నాలుగు స్లైడులు కూడా తెచ్చారంటే బాగుంటుంది” అన్నారు. చెప్పడానికేం, నోరుంది. స్లైడులే లేవు.

నాకు తెలిసిన స్లైడులు సినిమాహాల్లోవి. ఆట మొదలయ్యే ముందు గాజుపలక మీద బట్టల కొట్టు, పళ్లపొడి, “నిశ్శబ్దము పాటింపుడు” వచ్చేవి, జ్ఞాపకముందా? కంప్యూటరు స్లైడు కూడా ఆ వంశంలోదే. 1980ల్లో అమెరికాలో ఆఫీసువాళ్లు మీటింగుల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాల మీద వ్రాసుకొని, దీపం మీద పెట్టి గోడ మీద చూపించేవారు. ఆ కాగితాలు చేయించడం ఖర్చు, ఆలస్యం. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ అనే ఇద్దరు, కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో కూర్చొని, ఆ పని ఎవరికి వారే కంప్యూటరు మీద చేసుకునే ఉపాయం కనిపెట్టారు. మొదట ‘ప్రెజెంటర్’ అని నామకరణం చేశారు గాని, ఆ పేరుకు చిక్కు వచ్చి ‘పవర్‌పాయింట్’ అయింది. 1987 ఏప్రిల్లో మాకింటోష్ యంత్రానికి మాత్రమే, అదీ నలుపు తెలుపుల్లో వచ్చింది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ వారు 1 కోటి 40 లక్షల డాలర్లిచ్చి కంపెనీనే కొనేశారు. ఇవాళ అదే పని ఉచితంగా చేసేవీ ఉన్నాయి. లిబ్రె ఆఫీసులో ఇంప్రెస్ అని ఒకటి, గూగుల్ స్లైడ్స్ అని ఒకటి. ఒకటి వస్తే మూడూ వచ్చినట్టే. వంకాయ కూర వచ్చినవాడికి దొండకాయ రాకపోతుందా?

గురువు మా గుడివాడ చెల్లెలి కూతురు. డిగ్రీ చదువుతోంది. ఆదివారం ఆదివారం బందరు వచ్చి పాఠం చెబుతోంది, ఫీజు పెసరట్లు. “పెద్దమ్మా, ముందు దేన్నీ చూసి భయపడకు” అన్నది మొదటి పాఠం.

తెరవగానే ఎడంపక్కన చిన్న చిన్న బొమ్మల వరుస, నడిమధ్య పెద్ద తెల్లకాగితం, పైన బొత్తాల సంత. సంత జోలికి పోనక్కరలేదు. కాగితం మీద రెండు గళ్లుంటాయి. పై గడి శీర్షికకు, క్రింది గడి మిగతా మాటకు. పెళ్లి శుభలేఖలో “శ్రీరస్తు” ఎక్కడ, ముహూర్తం ఎక్కడ అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది గదా, అలాంటిదే. ఆ గళ్ల అమరికను లేఅవుట్ అంటారు. గడిలో నొక్కి వ్రాయడమే. ఇంకో కాగితం కావాలంటే కంట్రోల్ బొత్తం పట్టుకొని ‘ఎమ్’ నొక్కాలి. కాగితాల వరుస మార్చాలంటే ఎడంపక్క బొమ్మను పట్టుకొని పైకో క్రిందికో ఈడ్చాలి, అంతే.

ఫోటో పెట్టాలంటే ఇన్సర్ట్ అన్నచోట పిక్చర్ అని ఉంటుంది. బొమ్మ వచ్చి కూర్చోగానే చుట్టూ ఎనిమిది చిన్న గుండ్రాలు కనిపిస్తాయి. మూల గుండ్రం పట్టుకొని లాగితే బొమ్మ తీరు చెడకుండా పెరుగుతుంది. పక్క గుండ్రం లాగితే మనిషి అడ్డంగా సాగుతాడు. మావారి ఫోటోతో ఈ ప్రయోగం చేసి చూపించింది పిల్ల. ఆయనకు నచ్చలేదు. కంట్రోలూ ‘జెడ్’ కలిపి నొక్కితే చేసింది చేయనట్టయి మళ్లీ సన్నబడ్డారు. ఇటువంటి బొత్తం సంసారంలో ఎక్కడా లేదు సుమండీ!

తెలుగులో వ్రాయడమెలా అని అడుగుతారు. విండోసులో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో ‘అమ్మ’ అని తట్టినా తెలుగు ‘అమ్మ’ పడుతుంది. అక్షరాల తీరులంటారా, అక్కడ నాకొక ముచ్చటైన సంగతి తెలిసింది. సిలికానాంధ్ర వారు ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు ఫాంట్లు విడుదల చేశారు. వాటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు అని పేర్లు. రాయలవారి సభ కంప్యూటరులో కొలువు తీరింది! ఆ వరుసలో ఒకదాని పేరు ఎన్టీఆర్. మా గుడివాడ దగ్గర నిమ్మకూరు ఆయన జన్మస్థలం. ఇంకొకదాని పేరు మండలి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి, దివిసీమ గాంధీ అని మావాళ్లు పిలుచుకున్న మండలి వెంకట కృష్ణారావు గారి పేరది. గుడివాడ పిల్ల అభిమానం కొద్దీ ఎన్టీఆర్ వైపు మొగ్గింది. “మీ ఊళ్లో అక్కినేని పేరుతో కాలేజీ ఉంది, రామారావు గారి పేరుతో అక్షరాలున్నాయి, మాకు ఒక్కటైనా మిగల్చవే” అని నా స్లైడులన్నిటికీ మండలి అక్షరాలే పెట్టించాను. దివి పిల్లలు దివి అక్షరాల్లో చదువుకుంటారు.

ఇంకొక సంగతి. ప్రతి కాగితానికీ రంగు, అంచు, అక్షరం విడివిడిగా దిద్దనక్కరలేదు. స్లైడ్ మాస్టర్ అని ఒకటుంది. దానిలో ఒక్కసారి దిద్దితే అన్నిటా దిగుతుంది. పెడనలో కలంకారీ అద్దేవాళ్ల ముందు టేకు చెక్క అచ్చులుంటాయి, చూశారా? అచ్చులో ఆకు ఎలా చెక్కితే బట్ట పొడుగునా అదే ఆకు. స్లైడ్ మాస్టర్ కూడా అచ్చే. ఈ మాట చెబితే పిల్ల, “మా లెక్చరరు గంటసేపు చెప్పింది నువ్వు చీర మీద చెప్పేశావు” అంది.

ఇంతవరకు సరదాగానే సాగింది. పేచీ ఎక్కడ వచ్చిందంటే, నేను చెప్పిన విషయాలన్నీ పట్టుకొని అది గుడివాడలో కూర్చొని నమూనాగా ఐదు స్లైడులు చేసి తెచ్చింది. తెరిచాం. నల్లని తెర మీద ఒక మూలనుంచి 10,000 అన్న అంకె గిరగిరా తిరుగుతూ వచ్చి మధ్యలో ఆగింది. వెనక చప్పట్ల చప్పుడు. ప్రభుత్వ లెక్కల్లో చనిపోయినవారు సుమారుగా అంతమంది. ఇంకా ఎక్కువేనని మావాళ్లంటారు.

నేను కాసేపు మాట్లాడలేదు. “ఏం పెద్దమ్మా, బాగా లేదా?” అంది. “ఆ సున్నాలలో మా పక్కింటివాళ్లున్నారే” అన్నాను. దాని ముఖం చిన్నబోయింది. పాపం, దాని ఉద్దేశం మంచిదే. “లేకపోతే పిల్లలకు విసుగు పుడుతుంది, ఫోనులు చూసుకుంటూ కూర్చుంటారు” అంది. అదీ నిజమే. అంకె ఎగరకపోతే వినని పిల్లలకు ఎలా చెప్పాలి? ఆ ఆదివారమంతా ఇద్దరికీ అదే చర్చ. పెసరట్లు చల్లారిపోయాయి.

మాటల మధ్య అదే ఒక సంగతి చెప్పింది. మన కల్పనా చావ్లా ఎక్కిన కొలంబియా నౌక 2003 ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ముక్కలై ఏడుగురూ పోయారు గదా. బయలుదేరినప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే, దానివల్ల ప్రమాదమెంత అన్నది బోయింగ్ ఇంజనీర్లు లెక్కవేసి నాసా వారికి స్లైడుల్లో చూపించారట. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నిజంగా తగిలింది 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు! ఆ మాట స్లైడులో ఉంది. ఎక్కడుంది? అట్టడుగున, చిన్న అక్షరాల్లో. పైన పెద్ద శీర్షిక మాత్రం ధైర్యం చెప్పేదిగా ఉంది. తర్వాత ఎడ్వర్డ్ టఫ్టీ అనే ప్రొఫెసరు ఆ ఒక్క స్లైడునే పట్టుకొని చీల్చి చెండాడారు. ప్రమాదంపై విచారణ జరిపిన సంఘం కూడా, సరయిన సాంకేతిక నివేదికలకు బదులు స్లైడులతో సరిపెట్టుకునే అలవాటును తప్పుపట్టింది.

అది విన్నాక మా పని తేలికయింది. నేను పిల్లలకు చెప్పదలచుకున్న ఒక్క ముక్క ఏమిటి? ఆనాడు మా ఊళ్లో తుఫాను అన్న మాట ఎవరూ వినకపోలేదు. గాలివాన దివివాళ్లకు కొత్తా? తలుపులు బిగించుకొని కూర్చున్నారు. సముద్రం లేచి ఊళ్లోకి వస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. మన తీరంలో సముద్రం లోతు తక్కువ, నెట్టిన నీరు పోయే దారిలేక పైకి లేస్తుంది. ఒడ్డు దాటితే అరచేయిలా చదునైన డెల్టా భూమి, ఆపే గుట్ట ఒక్కటీ లేదు. గాలి వేరు, ఉప్పెన వేరు. ప్రాణాలు ఎక్కువగా తీసింది నీరు. ఇది పెద్ద అక్షరాల్లో పైన ఉండాలి: “గాలికి తలుపు వేసుకోవచ్చు. ఉప్పెనకు ఊరు వదలాలి.” ఆ స్లైడులో ఇంకేమీ లేదు.

రెండో స్లైడు బొమ్మ. ఫోటోలు వద్దన్నాను. ఆనాటి పత్రికల్లో పడ్డ ఫోటోలు పదమూడేళ్ల పిల్లలకు చూపించేవి కావు. ఇన్సర్టులోనే షేప్స్ అని గీతలు, చదరాలు, త్రికోణాలు ఉంటాయి. చదరం మీద త్రికోణం పెడితే ఇల్లయింది. సన్నని నిలువు గీత మీద నాలుగు ఆకులు పెడితే కొబ్బరిచెట్టు. ఒక సున్నా, ఒక గీతతో ఐదున్నరడుగుల మనిషి. నీలంరంగు చదరం ఒకటి గీసి, ట్రాన్స్‌పరెన్సీ అన్నది పెంచితే రంగు నీరులా పలచనై వెనకాల ఉన్నది కనిపిస్తుంది. ఎత్తు మాత్రం కొలిచి పెట్టాం: 5 మీటర్లు, అంటే పదహారడుగుల పైచిలుకు. ఉప్పెన అంత ఎత్తున వచ్చిందని లెక్కలు చెబుతున్నాయి. మనిషి మీద మనిషి, ఆ పైన ఇంకో మనిషి నిలబడినంత ఎత్తు.

ఇక్కడ మాత్రం పిల్ల కోరిక తీర్చాను. యానిమేషన్లలో వైప్ అని ఉంది, క్రిందినుంచి పైకి వచ్చేలా పెట్టవచ్చు. ఆ నీలం చదరానికి అది పెట్టి, వేగం తగ్గించాం. నేను బొత్తం నొక్కగానే నీరు మెల్లగా లేచి, గడప దాటి, మనిషిని ముంచి, చూరు దాటిపోతుంది. మొత్తం స్లైడుల్లో కదిలేది అదొక్కటే. చప్పుడు లేదు. మావారు చూసి లేచి అవతలికి వెళ్లిపోయారు. ఆయనదీ కోడూరే.

మూడోది 1864. ఆ ఏడు నవంబరు 1న బందరుకే ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది పోయారు. 1977 నాటికి ఆ మాట చెప్పే ముసలివాళ్లు కూడా మిగల్లేదు. దాని పక్కన ఏమీ వ్రాయలేదు, నోటితోనే చెబుతాను.

చూపించడానికి ఎఫ్-5 నొక్కాలి, తెర నిండా పరుచుకుంటుంది. ఆపడానికి ఎస్కేప్. కుడి బాణం ముందుకు, ఎడమ బాణం వెనక్కి. అన్నిటికన్నా నాకు నచ్చింది ‘బి’ అక్షరం. చూపిస్తుండగా ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. మా మిద్దె మీద ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు ‘బి’ నొక్కుతాను. పిల్లలు తెర వంక గాక నా వంక చూడాలి.

ఊరికి పట్టుకెళ్లేముందు ఒక జాగ్రత్త. మన కంప్యూటరులో ఉన్న ఫాంటు బడి కంప్యూటరులో ఉండకపోవచ్చు. అప్పుడు వేరే అక్షరాలు వచ్చి వరుసలు చెదిరిపోతాయి. దాచేటప్పుడు ఫాంట్లను ఫైలులోనే పొదిగే ఏర్పాటుంది, అది చేయించాను. ఎందుకైనా మంచిదని ఒక పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవులో వేయించాను. పీడీఎఫ్‌లో నీరు లేవదు గాని, అక్షరం చెదరదు. మరి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి బస్సులో పోయేది. అక్కడ చూసుకుందాంలే అంటే కుదరదు.

చివర ‘ధన్యవాదములు’ అని స్లైడు పెడదామంది పిల్ల, పువ్వులతో సహా. అది తీయించి రెండు ప్రశ్నలు వ్రాయించాను: “మీ ఊళ్లో తుఫాను రక్షణ భవనం ఎక్కడుంది? మీ ఇంటినుంచి నడిస్తే ఎన్ని నిమిషాలు?” జవాబుల చోటు ఖాళీ. పిల్లలు చెబుతూ ఉంటే నేనే అక్కడ తట్టి నింపుతాను, అంతమాత్రం వచ్చింది ఇప్పుడు.

నిన్న రాత్రి మా హాల్లో రిహార్సలు. టీవీకి తగిలించి, మావారిని వంటింటి గుమ్మంలో పీట వేసి కూర్చోబెట్టాం, బడిలో వెనక వరుస అనుకోమని. కళ్లజోడు తీసేసి చూడమన్నాను. మొదటి స్లైడు చదివారు, రెండోది చూశారు, చివరి ప్రశ్నల దగ్గర “ఏమని ఉందే?” అన్నారు. అక్షరాల సైజు 28 నుంచి 40 చేశాం. చదివారు.