జెండా కట్టే ముందు ఒకసారి పైకి చూడు తమ్ముడూ

మొన్న మా ఊరి సెంటర్లో నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోను మీద తలకాయలన్నీ పెట్టి గుమిగూడారు. ఏందా అని పోయి చూస్తే జెండా డిజైను. ఒకడికి థార్ జీపుంది, ఇద్దరికి ఇంట్లో ట్రాక్టర్లున్నాయి, ఇంకొకడికి బుల్లెట్టు. అందరూ కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. గ్రూపుకో పేరు, పేరుకో బొమ్మ, బొమ్మకో జెండా. పట్నాల్లో జీపులోళ్లు ఆఫ్‌రోడ్డు క్లబ్బులని పెట్టుకుంటారే, అట్టాంటిది. మనకు వేరే ఆఫ్‌రోడ్డు ఎందుకు? వానాకాలంలో నల్లరేగడి డొంకలో పోయే ప్రతి బండీ ఆఫ్‌రోడ్డు బండే.

"అన్నా, పదడుగుల ఇనప పైపు పెట్టి ట్రక్కు మీద నిలబెడితే ఎట్టా ఉంటది?" అని అడిగారు.

"ఎట్టా ఉంటదో తర్వాత చెప్తా. మీ డొంకకు అడ్డంగా పోయే కరెంటు తీగ ఎంత ఎత్తులో ఉందో ముందు మీరు చెప్పండి" అన్నా.

ఒక్కడూ చెప్పలా.

ఈ మాట నేను ఊరికే అడగలేదు. 2023 జులై 23న నరసరావుపేట మండలం మోపురువారిపాలెంలో నటుడు సూర్య పుట్టినరోజని ఫ్లెక్సీ కడుతుంటే, దాని ఇనప చట్రం పైన తీగకు తగిలి ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలు చచ్చిపోయారు. 2020 సెప్టెంబరు 1న కుప్పం దగ్గర శాంతిపురం మండలంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానరు కడతా ముగ్గురు పోయారు. 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో యష్ బ్యానరు కాడ ముగ్గురు. అదే ఏడాది నవంబరులో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో సర్వాయి పాపన్న విగ్రహం కోసం ఫ్లెక్సీ కడతా నలుగురు. హీరో వేరు, కులం వేరు, రాష్ట్రం వేరు. చావు మాత్రం ఒక్కటే. చేతిలో ఇనుము, నెత్తిన తీగ.

ఇవన్నీ నిలబెట్టిన బ్యానర్లు. ఇప్పుడు మనం కడతన్నది కదిలే జెండా. నిలబడ్డ బ్యానరుకు ఒక్క తీగతోనే గండం. కదిలే జెండా ఒక సాయంత్రం ఊరేగింపులో పది తీగల కింద నుంచి పోతది.

లెక్క చూద్దాం. 1956 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం రోడ్డుకు అడ్డంగా పోయే 11 కేవీ తీగ నేలకు 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలన్నారు. రోడ్డు మీద కాక చేలల్లో అయితే 4.6 మీటర్లున్నా చాలన్నారు. అంటే పదిహేనడుగులు. ఇప్పుడు మన ట్రక్కు చూడు. దాని అడుగు నేల మీంచి సుమారు నాలుగడుగులు. దానిమీద నిలబడ్డ కుర్రాడు నడుము కాడ కర్ర పట్టుకుంటే ఇంకో మూడడుగులు. ఆ కర్ర పదడుగులు. మొత్తం పదిహేడు. నిబంధన ప్రకారం ఉన్న తీగకే నువ్వు రెండడుగులు ఎక్కువ. ఇక మన చేలల్లో స్తంభాలు వంగి, ఎండకు తీగలు సాగి ఎట్టా వేలాడతన్నాయో నీకు తెలుసు, నాకు తెలుసు. పైగా 11 కేవీ తీగను తాకాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికొస్తే చాలు, కరెంటే దూకుద్ది.

తీగతో ట్రాక్టరుకు పనిబడితే ఏమవుద్దో మన జిల్లాకు బాగా తెలుసు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల కాడ మిరప కోతకు పోయి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. కనీసం తొమ్మిది మంది పోయారు. వాళ్ల బండి మీద ఏ జెండా లేదు, ఏ ఊరేగింపూ కాదు. కూలికి పోయి ఇంటికొస్తన్నారు, అంతే. కూలోళ్లకు తప్పని గండాన్ని మనం సరదాకు కొని తెచ్చుకోవడం దేనికి?

అట్టాగని జెండాలే వద్దనే ముసలి మాట నేను చెప్పను. నేనూ ఒకప్పుడు బట్ట బ్యానర్లు రాసినోణ్ణే. నలుగురు కుర్రాళ్లు ఒక గుర్తు కింద కలవడం తప్పు కాదు. ఆ గుర్తు ఎందుకు, ఎవరిది, ఎట్టా కట్టాలి అన్నదే నా మాట.

అసలు ఈ ఆఫ్‌రోడ్డు బళ్లకు జెండా ఎందుకొచ్చిందో చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పెద్ద పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. ఇటునుంచి ఒక బండి దిబ్బ ఎక్కుతుంటే అటునుంచి ఇంకో బండి ఎక్కుద్ది. కొసకు వచ్చేదాకా ఒకళ్లకొకళ్లు కనపడరు. అందుకని అక్కడ ప్రతి బండికీ సన్నటి వంగే కడ్డీ పెట్టి, నేల మీంచి ఎనిమిదడుగుల ఎత్తున ఎర్రదో నారింజదో జెండా కట్టాలని రూలు పెట్టారు. బండి కనపడకపోయినా జెండా కనపడుద్ది. అంటే పుట్టింది గొప్పకు కాదు, ప్రాణం కాపాడటానికి. అదే జెండా మన కాడికొచ్చి ప్రాణం తీసేదిగా మారింది.

మనకు ఇసుక దిబ్బలు లేవు గానీ కంపచెట్లు మూసేసిన డొంక మలుపులున్నాయి. ఎదిగిన పత్తి చేల మధ్య దారులున్నాయి. మలుపు కాడ ఎదురొచ్చే బండి కనపడక గుద్దుకున్న సంగతులు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కాబట్టి జెండా కట్టాలనుకుంటే ఆ పనికొచ్చేట్టు కట్టండి.

మొదటిది ఎత్తు. జెండా కొస నేల మీంచి ఎనిమిది తొమ్మిది అడుగులు దాటనివ్వద్దు. దూరానికి కనపడటానికి అంతకన్నా అక్కర్లేదు. రెండోది కర్ర. ఇనప పైపు, జీఐ పైపు, అల్యూమినియం జోలికి పోవద్దు. వంగే ఫైబరు కడ్డీ మేలు. ఎండు వెదురైనా పర్లేదు, అయితే తడిసిన వెదురును నమ్మొద్దు. చేత్తో పట్టుకుని ఊపడం అసలు వద్దు, బండికి బిగించాలి. మూడోది బిగింపు. బండి వేగం రెండింతలైతే జెండా మీద గాలి దెబ్బ నాలుగింతలవుద్ది. ఇరవైలో ఊగని కర్ర నలభైలో విరిగి వెనకోడి మొహాన పడుద్ది. తాడుతో కట్టడం కాదు, రెండు చోట్ల క్లాంపు వేసి బోల్టు బిగించాలి.

నాలుగోది చోటు. ట్రాక్టరు బానెట్టు మీద సైలెన్సరు పక్కన కడితే బట్ట కాలుద్ది. డ్రైవరు చూపుకు అడ్డంగా కడితే మనుషులు పోతారు. వెనక పీటీవో షాఫ్టు తిరిగే బండికి జెండా వేలాడదీస్తే ఇంకా ప్రమాదం. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుద్ది. కొస తగిలితే బట్టతో పాటు దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా పోద్ది. ట్రక్కు వెనక కుడి మూల మేలు. బైకుకైతే చక్రానికీ గొలుసుకీ అందనంత చిన్న జెండా చాలు. చున్నీ చక్రంలో పడి ఆడపిల్లలు పడిపోవడం చూస్తానే ఉన్నాంగా.

ఒకవేళ తీగకు తగిలిందా, బండి మీద ఉన్నోళ్లు దిగొద్దు. కింద ఉన్నోళ్లు బండిని తాకొద్దు. లైన్‌మన్‌కో 1912కో ఫోను చేసి కరెంటు ఆపించాలి. బండికి మంట అంటుకుని దిగక తప్పకపోతే, రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి. ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద ఉండకూడదు. ఈ నాలుగు మాటలూ మీ గ్రూపులో పెట్టుకోండి, డీపీ కన్నా ముందు.

ఇక జెండా మీద ఏముండాలి? కుర్రాళ్లు చూపించిన డిజైన్లో సింహం, పుర్రె, మంటలు, నాలుగు వరసల రాత ఉన్నాయి. గాలికి ఊగే బట్ట మీద రాత ఎవరూ చదవలేరు. రెండు రంగులు, ఒక గుర్తు, అంతే. పచ్చ రంగు చేలో కలిసిపోద్ది. పత్తి పగిలినాక తెలుపూ కలిసిపోద్ది. నారింజ, ఎరుపు, పసుపు కనపడతయ్. అంచు రెండుసార్లు మడిచి కుట్టించాలి, చిరుగు మొదలయ్యేది అక్కడే. ఊళ్లో మిషను కుట్టే అక్క ఉంటే ఆమెకే ఇవ్వండి, ఆ నాలుగు డబ్బులు ఊళ్లోనే ఉంటయ్.

బట్ట దగ్గరికొచ్చేసరికి నాకు కడుపు మండుద్ది. జాతీయ జెండాకు రూపం గీసిన పింగళి వెంకయ్య భట్లపెనుమర్రు మనిషి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల్లో గాంధీకి జెండా ఇచ్చింది ఆయనే. ఆయనకు ఇంకో పేరు ఉందని ఎంతమందికి తెలుసు? పత్తి వెంకయ్య. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు వచ్చిన పేరది. పత్తి తెలిసినోడు గీసిన జెండా చాలా ఏళ్లు చేత్తో వడికి, చేత్తో నేసిన ఖద్దరు మీదే ఎగిరింది. 2021 డిసెంబరు 30న ఫ్లాగ్ కోడ్ మార్చి పాలిస్టరుకూ, మిషను మీద చేసినదానికీ అనుమతి ఇచ్చారు. మరుసటి ఏడాది ఇంటింటా జెండా అన్నారు. పత్తి పండించే రైతు తన ఇంటి మీద పాలిస్టరు జెండా కట్టుకున్నాడు.

ఆ తర్వాత సంగతీ చూడండి. 2025 ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు దాకా అని, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి ఇంటికొచ్చే రోజులు. పొడుగు పింజకు 8,110 రూపాయలని మద్దతు ధర కాగితం మీద రాశారు. బయటి పత్తికి తలుపు తీసిపెట్టాక బయట కొనేవాడు ఆ ధర ఎందుకిస్తాడు? మిరపదీ అదే కథ. ధర పడిపోయిందని రైతులు మొత్తుకుంటే 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 అని ప్రకటించింది. ఎరువు, మందు, కోత కూలి లెక్కేసుకున్న రైతుకు అది గిట్టుబాటేనా, మీ నాన్ననడుగు.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. పార్టీ నాయకుడు వస్తన్నాడంటే మన కుర్రాళ్లు వంద బళ్లకు జెండాలు కడతారు. జెండా వాళ్లే ఇస్తారు, పెట్రోలు వాళ్లే పోస్తారు, బిర్యానీ వాళ్లే పెడతారు. హీరో సినిమా వస్తే సొంత డబ్బుతో కడతారు. మిరప ధర కోసం గుంటూరు యార్డు కాడికి ఎన్ని బళ్లు పోయినయ్? పత్తి సుంకం మీద ఒక్క జెండా అయినా కుట్టించామా? పైనుంచి ఇచ్చిన జెండా మోసినంతకాలం మన బండి మనది కాదు, వాళ్ల ఫ్లెక్సీకి చక్రాలు మాత్రమే.

ట్రాక్టరు మీద జెండాకు బలం లేదనుకోవద్దు. ఢిల్లీ పొలిమేరల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుని మూడు చట్టాలనూ వెనక్కి తీయించారు. ఆ ట్రాక్టర్ల మీద జెండాలున్నాయి, ప్రతి జెండా వెనకా ఒక డిమాండు ఉంది. అదే చోట ఇంకో పాఠమూ ఉంది. 2021 జనవరి 26న కొంతమంది ఎర్రకోట మీద వేరే జెండా ఎగరేసేసరికి, ఆ రోజంతా టీవీలు రైతు మాట వదిలేసి జెండా మాటే పట్టుకున్నాయి. తప్పు చోట ఎగరేసిన ఒక్క జెండా లక్షమంది నోరు నొక్కుద్ది.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం వచ్చినా సరే. కులం పేరు జెండా మీద రాసి, హారన్లు కొడతా పక్క వాడలోంచి పోవడం క్లబ్బు కాదు, బెదిరింపు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన నేల మనది. ఆ ఊళ్ల పేర్లు విని మీ తాతలు ఇప్పటికీ తల దించుకుంటారు. నీ జెండా చూసి పక్క వాడ పిల్ల తలుపు వేసుకుంటే ఆ జెండా ఎంత బాగున్నా దించెయ్.

జాతీయ జెండా సంగతి వేరు. కార్ల మీద అది ఎగరేసే హక్కు రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి, హైకోర్టు జడ్జీలలాంటి కొద్దిమందికే ఉంది. బండి టాపు మీద, బానెట్టు మీద పరచకూడదు. దానిమీద ఏ రాతా ఉండకూడదు, మీ గ్రూపు పేరైనా సరే.

ఆ నలుగురు కుర్రాళ్లకీ చివరికి ఏం చెప్పానంటే, ఇనప పైపు మానెయ్యండి, ట్రక్కు వెనక రిఫ్లెక్టరు స్టిక్కర్లు ముందు కొనండి, మిగిలిన డబ్బుతో జెండా కుట్టించండి, పాలిస్టరు కాదు, నూలు బట్ట. ఒకడు నవ్వాడు. "నూలు బట్ట వానకు తడిస్తే బరువన్నా" అన్నాడు. నిజమే. తడిస్తే విప్పి ఆరేసుకోవాలి, మిరపకాయల్లాగే. చూసుకోవాల్సిన పని ఉన్నప్పుడే అది మనదని గుర్తుంటది.

ఆ సాయంత్రం వాళ్లు నాలుగు బళ్లేసుకుని డొంకలోకి పోయారు. జెండాతో కాదు. తీగలు యాడ కిందికి వేలాడతన్నాయో ఫోటోలు తీసి, ఊరూ స్తంభం నంబరూ రాసి, కరెంటాఫీసులో అర్జీ పెట్టడానికి. ఆ అర్జీ నేనూ చూశా, నా సంతకమూ పెట్టా. గ్రూపు చేసిన మొదటి పని అది. జెండా ఇంకా కుట్టలా.